సూర్యారావుపేటలో మేం వెళ్ళే మానసిక వైద్యుడి క్లినిక్: జబ్బుకి పేరు పెట్టడానికి తొందరపడరు

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో తర్వాత చెబుతాను. క్లినిక్ పేరు రాయడం లేదు. అమ్మ వద్దంది, ఆవిడ మాట కాదనలేను. సూర్యారావుపేటలో, పుష్పా హోటల్ సెంటర్ నుంచి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో, ఒక స్కానింగ్ సెంటర్ పైన రెండో అంతస్తులో ఉంటుంది. బయటి ఊళ్ళ వాళ్ళ కోసం చెబుతున్నాను, బెజవాడలో డాక్టర్ల పేట అంటే అదే. గుండెకీ, కిడ్నీకీ, కంటికీ, పిల్లలకీ అందరూ అక్కడికే వస్తారు, చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు పొద్దున్నే బస్సు దిగి నేరుగా ఆ వీధుల్లోకే నడుస్తారు. ఇప్పుడక్కడ మానసిక వైద్యుల బోర్డులు కూడా బాగానే కనిపిస్తున్నాయి, వాళ్ళ మెట్ల దగ్గర చెప్పులూ నిండుగానే ఉంటున్నాయి.

అమ్మని తీసుకెళ్ళినప్పుడు మాతో వచ్చిన మా మావయ్య ఆ చెప్పులన్నీ చూసి, "ఏమే అమ్మాయ్, ఇంతమందికి మతి చెడిందా? మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. ఆ తర్వాత ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను, డాక్టర్ గారిని కూడా మొహమాటం లేకుండా అడిగాను. అందుకే ఇది క్లినిక్ రివ్యూ అయినా, మావయ్యకి ఇవ్వాల్సిన జవాబు కూడా ఇందులోనే ఉంటుంది. ఆ రెండింటినీ విడదీసి రాయడం నాకు చేతకాదు, ఎందుకంటే ఈ క్లినిక్ నాకు నచ్చడానికి కారణమే వీళ్ళు రోగనిర్ధారణ చేసే పద్ధతి.

ముందు హాలు సంగతి. పొద్దున పదిన్నరకి వెళ్తే కూర్చోడానికి చోటు ఉండదు. మా పక్కన సింగ్‌నగర్ నుంచి వచ్చిన ఒకావిడ, యాభై ఏళ్ళు ఉంటాయేమో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఇల్లంతా మునిగాక, వాన చప్పుడు వినబడితే చాలు లేచి కూర్చుంటోందట, మంచం కింద చెయ్యి పెట్టి తడి ఉందా అని చూసుకుంటోందట. ఎదురుగా ఇంటర్ కుర్రాడు, హాస్టల్ ఐడీ కార్డు ఇంకా మెడలోనే ఉంది, పక్కన వాళ్ళ నాన్న, ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. పసిబిడ్డని ఎత్తుకున్న ఒకమ్మాయి. ల్యాప్‌టాప్ బ్యాగుతో వచ్చిన ఒక ఉద్యోగి. సత్తెనపల్లి వైపు నుంచి తాగుడు మాన్పించడానికి ఒక కుటుంబమంతా కలిసి వచ్చింది. మావయ్య ఊహించుకున్న "పిచ్చివాళ్ళు" వీళ్ళెవరూ కాదు, మన వీధిలో రోజూ కనబడే మనుషులే.

పేరు నమోదు చేశాక నేరుగా డాక్టర్ దగ్గరికి పంపరు. ముందు ఒక సైకాలజిస్టు అమ్మాయి కూర్చోబెట్టి కేసు రాసుకుంటుంది. అమ్మకి అరవై దాటాయి, తెనాలి దగ్గర పల్లెటూరు, రెండేళ్ళ క్రితం నాన్న పోయారు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలు నాకింకా గుర్తున్నాయి. "పొద్దున ఎన్నింటికి మెలకువ వస్తోందండీ?" అంటే అమ్మ "మూడింటికి" అంది. "మళ్ళీ నిద్ర పడుతుందా?" "లేదమ్మా, కప్పు చూస్తూ పడుకుంటాను." "కూర రుచి తెలుస్తోందా?" "ఏదో తింటున్నాను." "బయటికెళ్ళేటప్పుడు ఏ చీర కట్టుకోవాలో చూసుకుంటున్నారా?" దానికి అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. "చేతికి ఏదొస్తే అది కడుతున్నా" అంది కాసేపాగి. ఆకలి, నిద్ర, చీర... ఇలా అడుగుతూ పోయింది, ఒక్కసారి కూడా "డిప్రెషన్" అన్న మాట వాడలేదు. పెళ్ళి, పిల్లలు, పుట్టింట్లో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా, ఎవరైనా ప్రాణం తీసుకున్నారా, ఇవి కూడా అడిగింది. తర్వాత డాక్టర్ గారు చూశారు. తొందర లేకుండా, ఫోను పక్కన పెట్టి.

ఆయన కూడా ఆ రోజు ఏ పేరూ చెప్పలేదు. థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్, షుగర్ టెస్టులు రాశారు. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా, బీ12 తగ్గినా మనిషి ఇలాగే నీరసపడి, దేని మీదా మనసు పెట్టలేకపోవచ్చు, అవి కావని తేలకుండా మనసు జబ్బని రాయకూడదు అన్నారు. అమ్మ చేత ఒక తెలుగు ఫారం కూడా నింపించారు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఎలా ఉంది అని, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే జాగ్రత్తగా చూడాలి. "ఇది జ్వరం చూసే థర్మామీటర్ లాంటిదమ్మా, జ్వరం ఉందని చెబుతుంది, ఏ జ్వరమో చెప్పదు" అని ఆయనే చెప్పారు.

ఈ ఫారం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మావయ్య ప్రశ్నకి సగం జవాబు దీంట్లోనే ఉంది. దీని పేరు పీహెచ్‌క్యూ-9. 2001లో క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ అనే ముగ్గురు దీని ఫలితాలు ప్రచురించారు. ఫైజర్ అనే మందుల కంపెనీ డబ్బుతో తయారైంది, ఆ కంపెనీ డిప్రెషన్ మందు కూడా అమ్మేది. వాడుకోడానికి ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు, అందుకే ప్రపంచమంతా పాకిపోయింది. మామూలు జ్వరాల డాక్టరు కూడా ఐదు నిమిషాల్లో అడగగలడు. అంతకుముందు మానసిక వైద్యుడి దాకా వెళ్ళినవాళ్ళే లెక్కలోకి వచ్చేవారు, ఇప్పుడు మోకాళ్ళ నొప్పికి వెళ్ళినవాళ్ళు కూడా బయటపడుతున్నారు. మంచిదే. కానీ మార్కులు చూసి అక్కడికక్కడే మాత్ర రాసేసే చోట్లు కూడా ఉన్నాయి, అక్కడే నాకు కోపం వస్తుంది.

ఆ స్పిట్జరే ఇంకో పెద్ద పని కూడా చేశాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బుల పుస్తకం ఒకటి వేస్తుంది, డీఎస్ఎం అంటారు. 1980లో వచ్చిన మూడో కూర్పుకి ఆయనే పెద్ద. అంతకుముందు ఒకే మనిషిని ఇద్దరు డాక్టర్లు చూస్తే ఇద్దరూ రెండు పేర్లు చెప్పే పరిస్థితి. ఆయన ప్రతి జబ్బుకీ లక్షణాల జాబితా పెట్టి, ఇన్నిటిలో ఇన్ని ఉంటే, ఇంతకాలం ఉంటే, అప్పుడే ఆ పేరు రాయాలి అని నియమం తెచ్చాడు. డాక్టర్ల మధ్య తేడా తగ్గింది. దాంతోపాటు లెక్కపెట్టడం కూడా తేలికైంది. తేలిగ్గా లెక్కపెట్టగలిగిన దాన్ని ఎక్కువమంది లెక్కపెడతారు కదా. ఇంకో మాట, ఆ జాబితాలో ఒక్క గీత అటు జరిపినా లక్షల మంది లోపలికి వస్తారు, ఇటు జరిపితే బయటికి పోతారు. 2013లో వచ్చిన ఐదో కూర్పులో ఏడీహెచ్‌డీకి (కుదురుగా ఉండలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం) లక్షణాలు ఏడేళ్ళ లోపు కనబడాలి అన్న నియమాన్ని పన్నెండేళ్ళకి మార్చారు. ఆటిజానికి దగ్గరగా ఉండే ఆస్పర్గర్స్ అనే విడి పేరు తీసేసి, నలుగురితో కలవడంలో, మాట్లాడడంలో తేడా ఉండే ఆటిజం గొడుగు కిందికి తెచ్చారు. ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే పిల్లాడికి రాయకూడదన్న పాత నిషేధం కూడా పోయింది. ఆ మార్పుల్లో పిల్లలు మారలేదు, పుస్తకం మారింది.

మళ్ళీ అమ్మ దగ్గరికి వస్తాను. రిపోర్టులు వచ్చాయి. బీ12 కొంచెం తక్కువ, మిగతావి బాగానే ఉన్నాయి. రెండోసారి డాక్టర్ గారు, "మీ ఆయన పోకముందు ఎప్పుడైనా ఇలా ఉండేదా?" అని అడిగారు. అమ్మ చాలాసేపు ఆలోచించి, మా తమ్ముడు పుట్టాక ఏడాది పాటు ఇలాగే ఉండేది అంది. బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకోబుద్ధయ్యేది కాదట. నాయనమ్మే పెంచిందట ఆ ఏడాది. బాలింతకి గాలి సోకిందని తాయెత్తు కట్టించారట. ముప్ఫై ఏళ్ళుగా మాకెవరికీ తెలియని సంగతి అది, ఆ గదిలో కూర్చుని మొదటిసారి విన్నాను. ఆ మధ్యకాలమంతా అమ్మకి ఛాతీలో బరువని ఈసీజీలు, గ్యాసని ఎండోస్కోపీ, తలనొప్పని స్కాన్, ఒంట్లో శక్తి లేదంటే "నరాల వీక్‌నెస్" అని బీ కాంప్లెక్స్ ఇంజక్షన్లు. ఆ డాక్టర్లు ఎవరో, ఎక్కడివారో చెప్పి లాభం లేదు. అన్ని చీటీల్లోనూ మనసు అన్న మాటే లేదు. అంటే అమ్మ ముప్ఫై ఏళ్ళు జబ్బుతోనే ఉంది, ఏ లెక్కలోనూ లేదు. ఇప్పుడు లెక్కలోకి వచ్చింది. ఎవరైనా లెక్కలు తీస్తే, ఈ ఏడాది కృష్ణా, గుంటూరు ప్రాంతంలో డిప్రెషన్ కేసు ఒకటి పెరిగినట్టు కనిపిస్తుంది.

అంకె కావాలనుకునేవాళ్ళకి: బెంగళూరులోని నిమ్హాన్స్ అనే జాతీయ మానసిక వైద్య సంస్థ 2015–16లో దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 12 రాష్ట్రాల్లో ఇల్లిల్లూ తిరిగారు, అందులో మన రాష్ట్రం లేదు. పెద్దవాళ్ళలో 100కి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది, 10.6 శాతం. వాళ్ళలో చికిత్స అందనివాళ్ళు 100కి 80 మందికి పైనే. అంటే ఈ హాలు నిండా ఉన్న జనం చూసి మనం కంగారు పడుతున్నాం గానీ, రాకుండా ఇళ్ళల్లోనే ఉండిపోయినవాళ్ళు దీనికి నాలుగింతలు.

ఇంటికొచ్చాక మావయ్యకి ఇదంతా చెబుతుంటే, ఆయనే మధ్యలో ఆపి, తన చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఒకాయన్ని పశువుల కొట్టంలో గేదెల పక్కన గుంజకి కట్టేసేవాళ్ళని చెప్పాడు. పెళ్ళిళ్ళప్పుడు కొట్టానికి తడిక అడ్డం పెట్టేవారట చుట్టాలకి కనబడకుండా. పిల్లలంతా ఆయనకి రాళ్ళు విసిరేవారట. "ఆయన పోయేదాకా ఏ డాక్టరూ చూడలేదే" అన్నాడు. నేనేమీ అనలేదు, ఆయన ప్రశ్నకి ఆయనే చెప్పుకున్న జవాబు అది. తమిళనాడులో ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉంచడం వల్ల పారిపోలేక 28 మంది మానసిక రోగులు చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనుషుల్ని గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. మా రోజుల్లో లేవు అనేవాళ్ళు ఒకసారి తమ ఊరి కొట్టాలూ, వెనక గదులూ గుర్తు తెచ్చుకోవాలి.

చట్టం పాత్ర ఇంకో రకంగా కూడా ఉంది. అదే చట్టం, ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మనసు జబ్బుకీ ఆరోగ్య బీమా ఇవ్వాలంది. బీమా నియంత్రణ సంస్థ 2022 అక్టోబరు 31 లోపు అన్ని పాలసీలూ దాని ప్రకారం మారాలని కంపెనీలకు గడువు పెట్టింది. క్లెయిమ్ కావాలంటే ఫైలు మీద జబ్బు పేరు ఉండాలి. ఊరికే "టెన్షన్‌గా ఉంటున్నారు" అని రాస్తే కుదరదు. అలా కూడా పేర్లు కాగితం మీదికి వస్తున్నాయి. అయితే మామూలు ఓపీ ఖర్చు చాలా పాలసీల్లో రాదు, అడ్మిట్ అయితేనే, అది గుర్తుంచుకోండి.

మా ఆడపడుచు కొడుకు సంగతి చెబితే ఈ క్లినిక్ ఎందుకు మంచిదంటున్నానో ఇంకా బాగా తెలుస్తుంది. గుంటూరులో ఆరో తరగతి, సీబీఎస్ఈ బడి. క్లాసులో కుదురుగా ఉండడు, నోట్సు రాయడు, పక్కవాళ్ళని కదిలిస్తాడు అని టీచర్లు గొడవ. ముందు వేరే చోట ఒక సెంటర్‌కి తీసుకెళ్ళారు. అరగంట కూడా చూడలేదు, ఏడీహెచ్‌డీ అన్నారు, ఆరు నెలల థెరపీ ప్యాకేజీ, డబ్బంతా ముందే కట్టాలి. వదిన ఏడుస్తూ ఫోన్ చేసింది. నేను ఇక్కడికి రమ్మన్నాను.

ఇక్కడ ముందు తల్లిదండ్రులకి ఒక ఫారం, స్కూలు టీచర్‌కి ఇంకో ఫారం ఇచ్చారు. ఏడీహెచ్‌డీ అయితే ఒక్క చోట కనబడితే చాలదు, ఇంట్లోనూ బళ్ళోనూ రెండు చోట్లా ఉండాలి. పాత ప్రోగ్రెస్ కార్డులు, నోటు పుస్తకాలు తెమ్మన్నారు. సైకాలజిస్టు వాణ్ణి కూర్చోబెట్టి తెలుగు పాఠం ఒకటి, ఇంగ్లీషు పాఠం ఒకటి పైకి చదివించింది. వాడు వేలు పెట్టుకుని చదువుతున్నాడు, ఒత్తు వచ్చిన చోటల్లా ఆగుతున్నాడు, ఇంగ్లీషులో మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తున్నాడు. అదే పాఠం ఆవిడ చదివి వినిపిస్తే ప్రశ్నలన్నిటికీ టకటకా జవాబులు చెప్పాడు. రెండు గంటలు కదలకుండా చెస్ ఆడతాడని వదిన చెప్పింది. కొన్ని సిట్టింగులు అయ్యాక తేలిందేమిటంటే వాడిది చదవడంలో ఇబ్బంది, డిస్లెక్సియా అంటారే అది. చదవలేనివాడు క్లాసులో ఏం చేస్తాడు, పక్కవాణ్ణి గిల్లుతాడు.

ఆ పేరు వచ్చాక వాడికి దారి కూడా వచ్చింది. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాలే ఉండేవి, 2016 చట్టంలో 21 రకాలయ్యాయి, ఆటిజం, ఇలాంటి నేర్చుకోవడంలో ఇబ్బందులు అందులో చేరాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో సర్టిఫికెట్ తీసుకుంటే సీబీఎస్ఈ పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి దొరుకుతారు. సర్టిఫికెట్ల వల్లే జబ్బులు పెరిగాయని విమర్శించేవాళ్ళు ఉన్నారు. అందులో కొంత నిజం ఉంది, ఉపయోగం ఉంటేనే మనుషులు కాగితం కోసం వస్తారు. కానీ పదేళ్ళ క్రితం అయితే ఈ పిల్లాడు "మొద్దు" అనిపించుకుని పది తప్పి ఏ షెడ్డులోనో చేరేవాడు, అప్పుడూ వాడి బుర్ర ఇదే.

ఆటిజం మీద ఒక మాట. అమెరికాలో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 2000లో 150 మందిలో ఒకరికి ఉందని లెక్క, 2022 లెక్కలో 31 మందిలో ఒకరు. ఈ అంకె చూసి టీకాలనీ, తిండి అనీ వాట్సాప్‌లో ఏవేవో తిప్పుతుంటారు, దయచేసి నమ్మకండి. టీకాలతో ఆటిజానికి సంబంధం లేదని ఎన్నో పెద్ద అధ్యయనాల్లో తేలింది. స్వీడన్‌లో పదేళ్ళలో పుట్టిన పిల్లల్ని పోల్చి చూసి 2015లో ప్రచురించారు, లక్షణాలున్న పిల్లల శాతం ఆ పదేళ్ళలో మారలేదు, రిజిస్టర్‌లో నమోదైన కేసులు మాత్రం పెరుగుతూ పోయాయి. వెతికే కళ్ళు పెరిగాయి, జాబితా వెడల్పయింది.

అలాగని అసలు జబ్బే పెరగలేదని నేననను. కోవిడ్ మొదటి ఏడాది ఆందోళన, డిప్రెషన్ ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. మన దగ్గరే చూడండి. సింగ్‌నగర్‌లో నీళ్ళలో రాత్రుళ్ళు గడిపినవాళ్ళకి వచ్చిన భయం ఏ పుస్తకమూ పుట్టించలేదు. గూడవల్లి, నిడమానూరు, పోరంకి హాస్టళ్ళలో పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టే చదువు పిల్లల మీద ఏం చేస్తుందో ఈ హాల్లో కూర్చుంటే తెలుస్తుంది. ఆ ఐడీ కార్డు కుర్రాడి నాన్న నాతో మాట కలిపి, "మావాడు బాగానే ఉన్నాడండీ, ర్యాంకు తగ్గిందంతే" అన్నాడు. కుర్రాడు కిందికి చూస్తున్నాడు, గోళ్ళు రక్తం వచ్చేదాకా కొరుక్కుని ఉన్నాడు. 2022లో దేశంలో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. ఆ నాన్న వాణ్ణి ఇక్కడిదాకా తీసుకొచ్చాడు, అందుకు ఆయనకి దండం పెట్టాలి.

ఇంకో వైపు కూడా ఉంది. మా పిన్ని కూతురు బీటెక్, రీల్స్ చూసి చూసి తనకి బైపోలార్ (విపరీతమైన హుషారు, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) అని తనే నిర్ణయించుకుని వచ్చింది. డాక్టర్ గారు ఎగతాళి చెయ్యలేదు, కసరలేదు, తను చెప్పిందంతా విన్నారు. రోజుల తరబడి నిద్రే అవసరం లేనంత హుషారు ఎప్పుడైనా వచ్చిందా, ఆ ఊపులో డబ్బు విపరీతంగా ఖర్చుపెట్టావా అని ఒక్కోటీ అడిగారు. లేదు. ఒక రోజులోనే మూడ్ మారడం బైపోలార్ కాదమ్మా అన్నారు. మాత్ర రాయలేదు, రోజూ నిద్ర ఎన్నింటికి అని రాసుకుని నెల తర్వాత రమ్మన్నారు, కౌన్సెలింగ్ పెట్టారు. 2023లో లూసీ ఫౌక్స్, జాక్ ఆండ్రూస్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఆలోచన ముందుకి తెచ్చారు. మానసిక ఆరోగ్యం మీద అవగాహన పెంచే ప్రచారం వల్ల కొంతమంది మామూలు దిగులుని కూడా జబ్బుగా చూసుకోవడం మొదలుపెడతారేమో, అలా చూసుకోవడం వల్లే అది ముదురుతుందేమో అని. ఇంకా రుజువు కావాల్సిన విషయం. నాకు మాత్రం ఆ పిల్లని చూశాక కొట్టిపారేయాలనిపించలేదు. అలాగని తను అబద్ధం చెప్పలేదు, బాధ నిజం, పేరే తప్పు. ఆ రెండూ విడివిడిగా చూడగలిగే డాక్టరు దొరకడమే కష్టం.

నా మటుకు నాకు మావయ్యకి చెప్పాల్సిన జవాబు ఇది: ఎక్కువ భాగం దాగి ఉన్నదే బయటపడుతోంది, కొంత గీతలు జరపడం వల్ల, కొంత నిజంగానే పెరిగింది, కొంత తొందరపాటు పేర్లు. ఏ వాటా ఎంతో కిలోల్లో తూచి చెప్పలేం. కానీ ఒక్కో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఇది ఏ వాటాలోదో తేల్చాల్సిన బాధ్యత డాక్టరుది, దానికి టైము పెట్టాలి. వీళ్ళు పెడుతున్నారు.

అమ్మకి ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు చిన్న డోసుతో మొదలుపెట్టారు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా తేడా తెలియలేదని ఆపొద్దు, మొదటి వారం కడుపులో తిప్పొచ్చు అని ముందే చెప్పారు, అలాగే జరిగింది, నాలుగో రోజు వాళ్ళే ఫోన్ చేసి అడిగారు. నిద్రకి ఇంకో చిన్న మాత్ర రాశారు, అది అలవాటు పడే రకం కాబట్టి ఏ తేదీకి ఆపాలో చీటీ మీదే ఎర్ర పెన్నుతో రాశారు. ఇలా ఆపే తేదీ రాసిన చీటీ నేను ఇంకెక్కడా చూడలేదు. బీ12కి వేరే మాత్రలు. ఇప్పుడు అమ్మ ఐదింటిదాకా పడుకుంటోంది, మొన్న శ్రావణ శుక్రవారానికి నాకు ఫోన్ చేసి ఏ చీర కట్టుకోమంటావే అని అడిగింది.

ఇక ఆ తగ్గించిన మార్కు. కౌన్సెలింగ్ గదికి, హాలుకి మధ్య చెక్క పార్టిషన్, పైన అంతా ఖాళీ. లోపల ఎవరైనా గట్టిగా ఏడిస్తే బయట వినబడుతుంది. వచ్చే మనుషులు చుట్టాలకి కూడా చెప్పకుండా వస్తారు, ఇది చాలా తప్పు, ఈ ఒక్కటి సరిచేస్తే ఐదుకి ఐదు ఇస్తాను. రిసెప్షన్‌లో పూర్తి పేరూ ఊరూ కలిపి గట్టిగా పిలుస్తారు, టోకెన్ నంబరు ఉన్నప్పుడు దాంతో పిలిస్తే సరిపోతుంది కదా. సోమవారం టోకెన్లు ఎవరివి ఎవరికో కలిసిపోతాయి. లిఫ్టు ఉందిగానీ సగం రోజులు పనిచెయ్యదు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి నరకం. సైకాలజిస్టు అపాయింట్‌మెంట్‌కి మూడు వారాలు ఆగాలి, ఇది మాత్రం వీళ్ళ తప్పనలేను, దేశం మొత్తం మీద లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు, 0.75 అని పార్లమెంటు కమిటీ నివేదికే చెప్పింది.

వెళ్ళేవాళ్ళకి: మొదటిసారి ఫీజు 700, మళ్ళీ చూపించుకోడానికి రెండు వారాల దాకా ఫీజు లేదు, కౌన్సెలింగ్‌కి విడిగా కట్టాలి. సోమవారం, శనివారం వద్దు, బుధ గురువారాల్లో మధ్యాహ్నం తర్వాత ఖాళీగా ఉంటుంది. పాత చీటీలు, స్కాన్లు అన్నీ పట్టుకెళ్ళండి, గ్యాస్‌కి వాడినవి కూడా, అవన్నీ చూస్తారు. ఇంట్లో మనిషిని బాగా తెలిసినవాళ్ళు ఒకరు వెంట వెళ్ళాలి, కానీ కాసేపు రోగిని ఒంటరిగా మాట్లాడనివ్వండి, వాళ్ళే బయటికి పంపుతారు, బాధపడకండి. కారు తీసుకెళ్ళొద్దు, ఆ వీధుల్లో పెట్టుకోడానికి చోటు ఉండదు, బస్టాండు నుంచి ఆటోలో వెళ్ళడమే మేలు. ఫీజు కష్టమైతే విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంది. రాత్రిపూట ఎవరికైనా ప్రాణం మీదికొచ్చే ఆలోచనలు వస్తుంటే పొద్దునదాకా ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.